ఇంజిన్ లేని ఇంజిన్: రైల్వే యార్డుల్లో పనిచేసే 'స్లగ్' గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, కెనడా రైల్వే యార్డుల ఫొటోలు, వీడియోలు చూసేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వస్తుంది. ముందు ఒక మామూలు డీజిల్ లోకో ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని పొట్టిగా, కిటికీల్లేని ఇనప పెట్టెలాంటిది ఒకటి ఉంటుంది. అది వ్యాగన్ కాదు, అలాగని లోకోలాగా చప్పుడూ చెయ్యదు, పొగా వదలదు. దాన్నే స్లగ్ అంటారు. రైళ్ళ మీద ఇష్టం ఉన్న మిత్రులు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

స్లగ్ అంటే అసలు ఏమిటి?

ముందు మాట దగ్గరే ఒక చిక్కుంది. తెలుగులో మనం బండిని లాగే మొత్తం వాహనాన్నే 'ఇంజిన్' అంటాం. "ఇంజిన్ మార్చారు", "డబుల్ ఇంజిన్ పెట్టారు" అన్నప్పుడు మన ఉద్దేశం లోకోమోటివ్. ఇక్కడ ఆ రెండింటినీ విడదీసి చూడాలి. డీజిల్ లోకో లోపల డీజిల్ ఇంజిన్ ఒక భాగం మాత్రమే. అది తిరిగి జనరేటర్‌ని తిప్పుతుంది, జనరేటర్ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో ఇరుసుల మీదున్న ట్రాక్షన్ మోటార్లు చక్రాలను తిప్పుతాయి. అంటే చక్రాన్ని నేరుగా తిప్పేది ఎప్పుడూ మోటారే.

ఈ వరసలో డీజిల్ ఇంజిన్, జనరేటర్ రెండూ తీసేసి, మోటార్లు, చక్రాలు, బ్రేకులు, బరువు ఉంచితే మిగిలేది స్లగ్.

మరి దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

పక్కనున్న లోకో నుంచి. ఆ లోకోని 'మదర్' అంటారు. మదర్‌లోని జనరేటర్ తన మోటార్లతో పాటు స్లగ్ మోటార్లకూ కరెంటు ఇస్తుంది. రెండింటి మధ్యా చేతి మణికట్టంత లావు రబ్బరు కేబుళ్ళు వేలాడుతూ కనిపిస్తాయి. వాటిలో వందల వోల్టుల డీసీ కరెంటు పారుతుంది. ఇవి కాక కంట్రోల్ సంకేతాల కోసం వేరే కేబుల్, బ్రేకుల కోసం గాలి గొట్టాలు ఉంటాయి. ఇన్ని కనెక్షన్లు ఉన్నందువల్లే చాలాచోట్ల మదర్‌నీ స్లగ్‌నీ రోజూ విడదీయరు. జంటగానే తిప్పుతారు, జంటగానే షెడ్డుకు తీసుకెళ్తారు.

ఉన్న పవర్‌నే రెండు బళ్ళకి పంచితే బలం ఎలా పెరుగుతుంది? రెండింటికీ సగం సగమే కదా వచ్చేది?

అందరూ అడిగేది ఇదే. స్లగ్ అన్నది ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే తెలియాల్సిందీ ఇదే. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

లాగడానికి రెండు కావాలి: పవర్, పట్టు. మన ఊళ్ళో దమ్ము చేసే ట్రాక్టర్‌ని గుర్తు చేసుకోండి. బురదలో దిగబడ్డప్పుడు డ్రైవర్ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వెనక చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది. ట్రాక్టర్‌లో హార్స్‌పవర్‌కు లోటు లేదు. నేల మీద చక్రానికి పట్టు లేదు. అందుకే రైతులు టైర్లలో నీళ్ళు నింపుతారు, ఇనప బరువులు తగిలిస్తారు, కేజ్ వీల్స్ వేస్తారు. రైలు చక్రానికీ అదే బాధ, ఇంకా ఎక్కువగా. ఇనప చక్రం ఇనప పట్టా మీద నిలబడేది చిన్న నాణెమంత మేరలోనే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక యార్డు లోకో ఉందనుకోండి: 1,500 హార్స్‌పవర్, నాలుగు ఇరుసులు, బరువు 113 టన్నులు. పట్టా పొడిగా ఉంటే తన బరువులో దాదాపు నాలుగో వంతు బలంతో జారకుండా లాగగలదు అనుకుందాం. అంటే సుమారు 28 టన్నుల లాగుడు. అంతకు మించితే చక్రం జారుతుంది.

యార్డులో వేగం ఎంత? హంప్ (యార్డులో గుట్టలా ఎత్తుచేసిన లైను) మీదికి వ్యాగన్లు నెట్టేటప్పుడు గంటకు 4 కి.మీ. ప్రాంతంలో ఉంటుంది, మనం నడిచే వేగం. 28 టన్నుల బలంతో 4 కి.మీ. వేగంతో నెట్టడానికి పట్టే పవర్ లెక్కిస్తే సుమారు 410 హార్స్‌పవర్ తేలుతుంది. లోకోలో ఉన్నది 1,500. నష్టాలు తీసేసినా చక్రం దగ్గరికి 1,250 దాకా చేరాలి. అందులో 800కు పైగా ఏ పనికీ రాకుండా మిగిలిపోతోంది. ఇంజిన్‌లో సత్తువ ఉంది, దాన్ని నేలకు దించే చక్రాలు చాలడం లేదు.

ఇంతే బరువున్న స్లగ్‌ని పక్కన తగిలించండి. ఇప్పుడు ఎనిమిది ఇరుసులు, 226 టన్నులు. లాగుడు 56 టన్నులకు పెరిగింది. అదే 4 కి.మీ. వేగంలో దీనికి పట్టేది సుమారు 820 హార్స్‌పవర్. అదీ మదర్ దగ్గర ఉన్నదాంట్లోనే సరిపోతుంది. కొత్తగా ఒక్క హార్స్‌పవర్ కూడా చేర్చలేదు, లాగుడు రెట్టింపైంది.

కాబట్టి సగం సగం పంచుతున్నారన్న ఊహ దగ్గరే పొరపాటు ఉంది. స్లగ్‌కి వెళ్ళేది మదర్ వాడుకోలేక వదిలేస్తున్న పవర్.

వేగం పెరిగితే కూడా ఇలాగే పనిచేస్తుందా?

లేదు. పవర్ అంటే బలాన్ని వేగంతో హెచ్చవేసినది. పై లెక్కలోని లోకోనే తీసుకుంటే, గంటకు 12 కి.మీ. దగ్గర 28 టన్నుల బలంతో లాగడానికే మొత్తం 1,250 హార్స్‌పవర్ అయిపోతుంది. ఆ పైన స్లగ్‌కి ఇవ్వడానికి మిగులంటూ ఉండదు. 40 కి.మీ. దగ్గర ఆ లోకో మొత్తం లాగుడు 8 టన్నుల పైచిలుకే. ఎనిమిది ఇరుసులున్నా అంతే, నాలుగున్నా అంతే. అందుకే వేగం ఒక హద్దు దాటగానే స్లగ్ మోటార్లు వాటంతట అవే సర్క్యూట్ నుంచి తప్పుకునేలా ఏర్పాటు చేస్తారు. ఆ తర్వాత స్లగ్ ఉత్త బరువే.

ఇంత బాధ ఎందుకు, రెండో లోకో తగిలిస్తే పోదా?

తగిలించొచ్చు, పని జరుగుతుంది. కానీ 820 హార్స్‌పవర్ చాలే పనికి 3,000 హార్స్‌పవర్ మోసుకు తిరిగినట్టవుతుంది. రెండో డీజిల్ ఇంజిన్ పని లేనప్పుడు కూడా ఆన్‌లో ఉండి ఆయిల్ తాగుతుంది. దానికి ఫిల్టర్లు, ఇంజెక్టర్లు, పిస్టన్లు, కూలింగ్ నీళ్ళు, లూబ్ ఆయిల్, ఎప్పటికప్పుడు ఓవర్‌హాల్, అన్నీ రెండో సెట్టు. లోకోలో రిపేర్లకి ఎక్కువ ఖర్చు తెచ్చే భాగాలు చాలావరకు అవే. స్లగ్‌లో ఆ భాగాలే లేవు. మోటార్లు, వాటిని చల్లబరిచే బ్లోయర్లు, బ్రేకులు, చక్రం జారకుండా పట్టా మీద పోసే ఇసుక డబ్బాలు చూసుకుంటే చాలు.

పైగా చాలా స్లగ్గులు కొత్తగా తయారుచేసినవి కావు. ఇంజిన్ అరిగిపోయి స్క్రాపుకు పోవాల్సిన పాత లోకోల నుంచి చేసినవి. ఫ్రేము గట్టిగానే ఉంటుంది, బోగీలు (పెట్టెలు కాదు, కింద ఇరుసులు బిగించి ఉండే చట్రాలు), మోటార్లు బాగుంటాయి. అలాంటి దాని ఇంజిన్ తీసేసి ఇంకొన్ని పదుల ఏళ్ళు పని చేయించుకోవడం నాకు చాలా నచ్చే విషయం. పాత గేదెల కొట్టం దూలాన్ని తీసుకెళ్ళి కొత్త పందిరికి వాడుకునే మన పల్లెటూరి బుద్ధి లాంటిదే ఇది.

ఇంజిన్ తీసేస్తే బరువు తగ్గిపోదా? బరువు లేకపోతే పట్టు ఎలా?

బాగా పట్టుకున్నారు. పదహారు సిలిండర్ల పెద్ద డీజిల్ ఇంజిన్ ఒక్కటే 15 టన్నులకు పైన తూగుతుంది. జనరేటర్, రేడియేటర్లు అదనం. అవి తీసేస్తే బండి తేలిపోతుంది, చక్రం జారుతుంది. అందుకే ఆ ఖాళీలో కాంక్రీటు పోస్తారు, లేదా ఇనప దిమ్మెలు, పలకలు పేరుస్తారు.

ఏది నింపాలన్నది చోటుని బట్టి ఉంటుంది. 20 టన్నుల బరువు కావాలంటే కాంక్రీటు ఎనిమిది ఘనమీటర్లకు పైగా పొయ్యాలి. ఉక్కయితే రెండున్నర ఘనమీటర్లు చాలు. యార్డు స్లగ్ పొట్టిగా ఉండాలి, ఎందుకంటే డ్రైవర్‌కి దాని మీదుగా అవతలి వైపు పట్టాలు, చేతి సిగ్నల్ ఇచ్చే మనిషీ కనపడాలి. అలాంటి చోట ఉక్కు బాగా పనికొస్తుంది.

చక్రం జారడం నిజంగా అంత పెద్ద సమస్యా?

దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. మా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్స్ వెనక గోడ ఎక్కితే షంటింగ్ లైన్ కనిపించేది. జోరువాన రోజు కంటే, ఎండాకాలం చివర తొలి తుంపర పడిన సాయంత్రమే ఇంజిన్లు ఎక్కువ అవస్థ పడేవి. పట్టా మీద పేరుకున్న దుమ్ము, నూనె మరకలు ఆ నాలుగు చినుకులతో కలిసి జిగురు పొరలా తయారవుతాయి. పెద్ద వానైతే ఆ పొరని కడిగేస్తుంది. తుంపర దాన్ని తడిపి వదిలేస్తుంది.

బరువైన రేకుని (జతకట్టిన వ్యాగన్ల వరసని) కదిలించబోతే ముందు ఇంజిన్ మూలుగు పెరిగేది. ఉన్నట్టుండి చక్రం ఉన్నచోటే బర్రుమని తిరిగేది. డ్రైవర్ వెంటనే పవర్ తగ్గించేవాడు. చక్రం ముందు సన్నటి గొట్టంలోంచి ఇసుక బుస్సుమని పడేది. చక్రం దాన్ని నలుపుకుంటూ కరకరమని ఒక్కో అంగుళం ముందుకు జరిగేది. మర్నాడు పొద్దున ఆ చోట పట్టా మీద అరచేయంత మేర నున్నగా, నీలంగా మెరుస్తూ కనిపించేది. చక్రం జారిన రాపిడికి పట్టా ఉపరితలం కాలిన గుర్తు అది. అలాంటి చోట్లే తర్వాత పట్టా దెబ్బతింటుంది.

ఇరుసులు రెట్టింపైతే ఒక్కో చక్రం మీద అడిగే లాగుడు సగమవుతుంది, జారే ప్రమాదం తగ్గుతుంది. స్లగ్ చేసే మేలులో ఇది చిన్నదేం కాదు.

మోటార్లు వేడెక్కవా?

మదర్ ఒక్కటే ఉంటే తప్పకుండా వేడెక్కుతాయి. నెమ్మదిగా కదులుతూ బలంగా లాగేటప్పుడే డీసీ మోటార్ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. హంప్ మీద ఒక్కో రేకుకి చాలాసేపు అదే పని. లాగుడు ఎనిమిది మోటార్లకు పంచుకుంటే ఒక్కోదానికీ భారం సగం. తీగల్లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కరెంటు సగమైతే వేడి నాలుగో వంతుకు దిగుతుంది. ఒక మోటారు కాలిపోవడం, వైండింగ్ మళ్ళీ చుట్టించడం ఎంత ఖర్చో షెడ్డు వాళ్ళకు చెప్పక్కర్లేదు.

హంప్ యార్డు అంటే ఏమిటి? స్లగ్‌కి దానితో ఏం పని?

యార్డు మధ్యలో చిన్న గుట్టలా ఎత్తుచేసి పట్టా వేస్తారు. అదే హంప్. గూడ్సు బండిని వెనక నుంచి నెట్టుకుంటూ గుట్ట మీదికి ఎక్కిస్తారు. శిఖరం దగ్గర కప్లింగ్ విప్పగానే ఒక్కో వ్యాగన్ తన బరువుతోనే అవతలికి దొర్లి, పాయింట్లు మళ్ళించిన లైన్లోకి పోతుంది. కింద పట్టాల పక్కనుండే రిటార్డర్లు చక్రాలను పట్టి వేగం తగ్గిస్తాయి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం నార్త్ ప్లాట్‌లో ఉన్న బెయిలీ యార్డు ఈ తరహా యార్డుల్లో ప్రపంచంలోనే పెద్దది.

నెట్టే రేకు 10,000 టన్నులు అనుకోండి. టన్నుకి 2 కిలోల ప్రతిఘటన చొప్పున దొర్లించడానికే 20 టన్నుల బలం కావాలి. అందులో 3,000 టన్నులు ఒక శాతం ఎత్తు మీద ఉంటే దానికి ఇంకో 30. మొత్తం 50 టన్నులు. పైన చెప్పిన మదర్ ఒక్కటే 28 దగ్గర ఆగిపోతుంది. స్లగ్‌తో కలిసి 56. ఈ తేడా కోసమే హంప్ దగ్గర స్లగ్గులు ఎక్కువగా కనిపిస్తాయి.

కెనడియన్ నేషనల్ రైల్వే వీటికి పేర్లు కూడా పనిని బట్టే పెట్టింది. మామూలు యార్డులో తిరిగేది 'యార్డ్ బూస్టర్ యూనిట్', హంప్ మీద పనిచేసేది 'హంప్ బూస్టర్ యూనిట్'. టొరంటో దగ్గరి మెక్‌మిలన్ యార్డులో ఇవి పనిచేశాయి.

స్లగ్ యార్డులకే పరిమితమా?

కాదు. మెయిన్ లైన్ మీద నడిచేవాటిని రోడ్ స్లగ్ అంటారు. 1971-72లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ సీబోర్డ్ కోస్ట్ లైన్ రైల్‌రోడ్ కోసం 'మేట్' అనే పేరుతో 25 స్లగ్గులు తయారుచేసింది. అవి పాత లోకోలను మార్చినవి కావు, కొత్తగానే స్లగ్గులుగా పుట్టినవి. ఫ్లోరిడాలో ఫాస్ఫేట్ మోసే బరువైన, నెమ్మదైన బళ్ళకి వాడారు. వాటి మదర్‌లు యూ36బీ రకం లోకోలు: నాలుగే ఇరుసుల మీద 3,600 హార్స్‌పవర్. అంత పవర్ నాలుగు ఇరుసులతో నెమ్మది వేగంలో ఎటూ దిగదు. స్లగ్ అవసరం ఎక్కడుంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ తర్వాత సీఎస్‌ఎక్స్ కంపెనీ జీపీ30, జీపీ35 రకం పాత లోకోలను రోడ్ స్లగ్గులుగా మార్చి, జీపీ40-2 లోకోలకు జత చేసింది. వీటికి డ్రైవర్ క్యాబ్ అలాగే ఉంచారు, కాబట్టి ఏ వైపు నుంచైనా నడపొచ్చు. డీజిల్ ట్యాంకు కూడా ఉంచేసి అందులోని ఆయిల్‌ని మదర్ వాడుకునేలా చేశారు. ఇంజిన్ లేని బండిలో డీజిల్ ఎందుకు అని అడిగేవాళ్ళకు జవాబు అదే.

ఆవు-దూడ అని ఒక జంట గురించి విన్నాను, అదీ ఇదేనా?

కాదు, కానీ చాలామంది కలిపేస్తారు. 1940లు, 50లలో అమెరికాలో ఈఎండీ కంపెనీ అమ్మిన షంటింగ్ జంటల్ని 'కౌ అండ్ కాఫ్' అనేవారు. క్యాబ్ ఉన్నది ఆవు, క్యాబ్ లేనిది దూడ. దూడకి క్యాబ్ మాత్రమే ఉండదు, సొంత డీజిల్ ఇంజిన్ ఉంటుంది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ దగ్గర 1965లో మొదలైన టిన్స్‌లీ యార్డు కోసం చేసిన క్లాస్ 13 జంటలూ అంతే. రెండు క్లాస్ 08 షంటర్లను జతకట్టి ఒకదాని క్యాబ్ తీసేశారు, ఇంజిన్ ఉంచేశారు.

ఆవిరి రోజుల్లో 'బూస్టర్' అంటే మరొకటి. 1920లలో అమెరికన్ స్టీమ్ ఇంజిన్ల వెనక ఇరుసుకు, కొన్నిచోట్ల టెండర్‌కు (బొగ్గు, నీళ్ళు మోసే వెనక బండికి), బండి కదిలేటప్పుడు మాత్రమే సాయపడే చిన్న ఆవిరి ఇంజిన్ బిగించేవారు. మామూలుగా ఖాళీగా దొర్లే ఇరుసు చేత కూడా లాగించాలన్న ఆలోచన మాత్రం స్లగ్‌దే.

వందే భారత్‌ని కూడా 'ఇంజిన్ లేని రైలు' అంటారు కదా?

2018లో చెన్నై ఐసీఎఫ్ కోచ్ ఫ్యాక్టరీలో తయారైనప్పటి నుంచి పేపర్లు ఆ మాట వాడుతున్నాయి. అక్కడ వేరుగా లోకో లేదని అర్థం. కరెంటు పైనున్న తీగ నుంచి వస్తుంది. మోటార్లు మాత్రం ఒకేచోట కాకుండా సగం కోచ్‌ల కింద పంచి ఉంటాయి. చాలా చక్రాలకు పని పంచి పట్టు పెంచుకోవడం వరకు స్లగ్‌కీ దీనికీ పోలిక ఉంది. అయితే వందే భారత్ ఆ పట్టుని త్వరగా వేగం అందుకోవడానికి వాడుతుంది, స్లగ్ నడక వేగంలో కొండంత బరువుని కదపడానికి వాడుతుంది.

మన యార్డుల్లో స్లగ్గులు ఎందుకు లేవు?

రెండు కారణాలు చెబుతాను. మొదటిది, మనవాళ్ళు అదే సమస్యని వేరే దారిలో తీర్చుకున్నారు. యార్డు పనికి చేసిన డబ్ల్యూడీఎస్-6 షంటింగ్ లోకోకి ఇంజిన్ చిన్నది, 1,400 హార్స్‌పవర్ దరిదాపు. ఇరుసులు మాత్రం ఆరు. అంటే పవర్ తక్కువ, పట్టు ఎక్కువ, ఒకే బండిలో. అమెరికాలో 2,000 హార్స్‌పవర్, ఆరు ఇరుసులున్న ఎస్‌డీ38-2ని హంప్ పనికి ఇష్టపడింది కూడా ఈ లెక్కతోనే.

రెండోది, పనే తగ్గింది. ఒకప్పుడు మొఘల్‌సరాయ్ లాంటి చోట్ల పెద్ద హంపుల మీద రాత్రింబవళ్ళు వ్యాగన్లు విడదీసేవారు. 1980ల నుంచి మన రైల్వే విడి వ్యాగన్లు మానేసి పూర్తి రేకులు నడపడం వైపు మళ్ళింది. బొగ్గు రేకు గని దగ్గర నిండి థర్మల్ ప్లాంటు దగ్గర ఖాళీ అవుతుంది, మధ్యలో ఏ యార్డులోనూ విప్పే పని లేదు. అమెరికాలో విడి వ్యాగన్ల రవాణా ఇంకా పెద్ద వ్యాపారం, అందుకే హంపులూ ఉన్నాయి, స్లగ్గులూ ఉన్నాయి.

స్లగ్‌తో ఇబ్బందులు లేవా?

ఉన్నాయి. మదర్ ఇంజిన్ ఆగిపోతే రెండూ ఆగినట్టే. రెండు లోకోలుంటే ఒకటైనా కదులుతుంది. జంట పొడవు ఎక్కువ కాబట్టి చిన్న లైన్లలో చోటు చాలదు. మధ్యనున్న కేబుళ్ళు తెగినా, నీరు చేరినా టెన్షనే. ఇంకో సంగతి: ఇప్పటి ఏసీ మోటార్ల లోకోలు చక్రం జారడాన్ని చాలా నేర్పుగా అదుపు చేసుకుంటాయి, తమ బరువులో మూడో వంతు దాకా లాగుడు తియ్యగలవు. ఏసీ మోటారుకి కేబుల్ కలిపితే సరిపోదు, డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్లు కావాలి. అందుకని స్లగ్ ఎక్కువగా డీసీ మోటార్ల కాలపు బండిగానే మిగిలింది.

ఫొటోలో స్లగ్‌ని గుర్తుపట్టడం ఎలా?

యార్డు స్లగ్ సులువు: క్యాబ్ ఉండదు, పొట్టిగా ఉంటుంది. రోడ్ స్లగ్ దగ్గరే పొరబడతాం, మామూలు లోకోలాగే ఉంటుంది కాబట్టి. పైకప్పు చూడండి. పొగ గొట్టం ఉండదు, రేడియేటర్ ఫ్యాన్లు ఉండవు, ఆ చోట్ల ఇనప రేకు వేసి మూసేసి ఉంటారు. తర్వాత రెండు బళ్ళ మధ్య చూడండి, మామూలు గాలి గొట్టాల కంటే లావుగా కేబుళ్ళు వేలాడుతుంటాయి. వీడియో అయితే చెవి పెట్టండి. మదర్ దగ్గర డీజిల్ గుర్రు వినిపిస్తుంది. స్లగ్ పక్కనుంచి పోయేటప్పుడు బ్లోయర్ల సన్నటి ఈల, చక్రాల కింద ఇసుక నలిగే చప్పుడు మాత్రమే ఉంటాయి.